మన మిషన్ స్కూలుకు వచ్చిన కొత్త ప్రిన్సిపాల్ మేడమ్ లక్ష్యాలు: మీరేమంటారు?

పాత_హాస్టల్_కుర్రాడు

అందరికీ వందనాలు. ఆదివారం ఆరాధన అయ్యాక స్కూలు హాల్లో తల్లిదండ్రుల మీటింగ్ జరిగింది. రాలేకపోయిన వాళ్లు, దూరాన ఉన్న పాత విద్యార్థులు ఏం జరిగిందని అడుగుతున్నారు. అందుకే ఒకేచోట రాస్తున్నాను. స్కూలు పేరు, మేడమ్ పేరు ఇక్కడ వద్దు, మనకు తెలుసు. తెలియని వాళ్లకు, కావలికీ ఒంగోలుకీ మధ్య ఉన్న ఒక పాత బాప్టిస్టు మిషన్ కాంపౌండు స్కూలు.

మేడమ్ ఎక్కువసేపు మాట్లాడలేదు. మొదటి మాటే చదువు గురించి. మూడో తరగతి దాటే ప్రతి బిడ్డ తెలుగు తడుముకోకుండా చదవాలి, ఐదు దాటేసరికి ఇంగ్లీషు పాఠం చదివి తన మాటల్లో అర్థం చెప్పాలి, మిగతావన్నీ దీని తర్వాతే అన్నారు. బెత్తం ఇక ఏ క్లాసులోనూ కనపడకూడదన్నారు. ఉదయం ప్రార్థన, వారానికి రెండు బైబిలు క్లాసులు ఎప్పటిలాగే ఉంటాయి. కాకపోతే క్రైస్తవులు కాని పిల్లల్ని బైబిలు క్లాసులో కూర్చోబెట్టాలంటే తల్లిదండ్రుల సంతకం తీసుకుంటారు. టీచర్లకు మే నెలతో కలిపి పన్నెండు నెలల జీతం ఇస్తారు. చివరగా, మూతపడిన హాస్టల్‌ను మళ్లీ తెరవాలని ఉందన్నారు. పొగాకు ఆకు కాల్చే బ్యారన్లకు, గుంటూరు వైపు మిరప కోతలకు, బెంగళూరు, హైదరాబాదు బిల్డింగు పనులకు పోయే వాళ్ల పిల్లలకు అందులో మొదటి చోటు.

హాస్టల్ మాట వినగానే నాకు కళ్లు చెమర్చాయి. నేను చదివింది అక్కడే. మీ అభిప్రాయం దాచుకోకుండా రాయండి. మేడమ్‌కు చూపిస్తానని చెప్పాను.

కందుకూరు_నాన్న

మంచి మాటలే, కాదనను. కానీ ఐఐటీ ఫౌండేషన్ ఊసే లేదేంటి? ఆరో తరగతి రాగానే బాగా చదివే పిల్లలందరూ నెల్లూరుకో ఒంగోలుకో కార్పొరేట్ స్కూళ్లకు పోతున్నారు. మా పెద్దవాడిని నేనూ అలాగే పంపాను. పదో తరగతిలో ఆరొందలకు ఐదొందల తొంభై పైన వచ్చిన పిల్లల ఫ్లెక్సీలు వాళ్ల గేటు ముందు కడతారు, మనం ఏం కడతాం? రిజల్టు లేకపోతే అడ్మిషన్లు ఉండవు. అడ్మిషన్లు లేకపోతే మేడమ్ చెప్పిన పన్నెండు నెలల జీతం ఎక్కడి నుంచి వస్తుంది? చిన్నవాడు ఇక్కడే ఉన్నాడు కాబట్టి అడుగుతున్నా. మేడమ్ మీద గౌరవంతోనే అడుగుతున్నా.

రిటైర్డ్_తెలుగు_మాస్టారు

నాయనా కందుకూరు_నాన్నా, మీ ప్రశ్న న్యాయమైనదే. అయితే తొమ్మిదో తరగతి గదిలో ఎన్నో ఏళ్లు నిలబడ్డవాడిగా చెబుతున్నా, వినండి. పిల్లవాడిని లేపి చదవమంటే ‘రాష్ట్రము’ దగ్గర ఆగిపోతాడు. మొదటి అక్షరం చూసి ‘రాజ్యము’ అని ఊహించేస్తాడు. ‘వస్త్రము’, ‘శాస్త్రము’ రెండూ వాడికి ఒకటే. ఒత్తు కింద ఇంకో ఒత్తు వస్తే కళ్లు అక్కడ నిలవవు. గుణింతం చెప్పమంటే గడగడా చెబుతాడు, అదే గుణింతం మాటలో ఎదురైతే గుర్తుపట్టడు. అలాంటివాడు ఫిజిక్సు లెక్కలో ఏమి అడిగారో ఎలా గ్రహిస్తాడు? గైడులోది బట్టీ కొడతాడు. ఆ బట్టీతోనే పది గట్టెక్కుతాడు, ఇంటర్లో మునుగుతాడు.

ఇది మన ఒక్క స్కూలు బాధ కాదు. 2021లో కేంద్రం నిపుణ్ భారత్ పథకం మొదలుపెట్టిందే దీని కోసం. మూడో తరగతి పూర్తయ్యేసరికి చదవడం, రాయడం, చిన్న లెక్కలు రావాలని 2026-27 గడువు పెట్టారు. మన రాష్ట్రంలో 2020 నుంచి పాఠ్యపుస్తకాలు ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషుగా ఇస్తున్నారు. మంచి ఏర్పాటు. కానీ రెండు పేజీల్లో ఒక్కటైనా సొంతంగా చదవగలిగితేనే కదా దాని వల్ల ఉపయోగం! తెలుగు వచ్చిన పిల్లవాడు ఆ తెలుగు పేజీని ఆసరా చేసుకుని ఇంగ్లీషు పేజీలోకి వెళతాడు. తెలుగు రానివాడికి ఆ పేజీ కూడా మూసిన తలుపే.

మేడమ్ చెప్పిన క్రమమే సరైనదని నా నమ్మకం. ఫౌండేషన్ అని ఎవరైనా పిలవాల్సింది దీన్నే.

సింగరాయకొండ_అమ్మ

మాస్టారూ నమస్కారం. మా పాప రెండో తరగతి. నేను కళ్లారా చూసింది చెబుతాను.

ఫీజు కట్టడానికి వెళ్లినప్పుడు మేడమ్ ఆఫీసులో లేరు. చిన్న తరగతుల వరండాలో ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని ఉన్నారు. పిల్లలు ఒక్కొక్కరే పుస్తకం పట్టుకుని వచ్చి ఆవిడ పక్కన నిలబడి నాలుగు వాక్యాలు చదువుతున్నారు. ఒళ్లో ఒక పొడవాటి నోటుపుస్తకం. బిడ్డ పేరు ఎదురుగా ఎక్కడ ఆగిందో ఆ మాటే రాసుకుంటున్నారు, మార్కులు వేయడం లేదు. మా పాప ‘చెట్టు’ను ‘చెటు’ అని చదివింది. ఆవిడ తప్పు అనలేదు. పాప వేలు పట్టుకుని ఒత్తు కింద పెట్టి, ‘ఇక్కడ ఇంకొకడు దాక్కున్నాడు, వాడిని కూడా పిలువు’ అన్నారు. పాప నవ్వి సరిగ్గా చదివింది. ఆ రోజు ఇంటికొచ్చి అన్నం తింటూ కూడా క్యాలెండరు మీద ఒత్తులు వెతుకుతానే ఉంది.

క్లాస్ టీచర్ కూడా అక్కడే నిలబడి చూస్తున్నారు. తర్వాత ఆవిడే అలా చేయాలట. ప్రిన్సిపాల్ రూములో కూర్చుని చెప్పడం వేరు, పక్కన కూర్చుని చూపించడం వేరు కదా అక్కలూ, అన్నలూ. నాకు నమ్మకం కలిగింది.

సంఘ_కార్యదర్శి

ప్రభువు నామంలో వందనాలు. నేను సంఘ కమిటీ తరఫున కాదు, సొంతంగా రాస్తున్నాను.

చదువు ముఖ్యమే. కానీ ఇది క్రైస్తవ స్కూలు. మన తాతలు పిడికెడు బియ్యం కానుక ఇచ్చి నిలబెట్టుకున్నది. బైబిలు క్లాసుకు తల్లిదండ్రుల సంతకం కావాలనడం నాకు బాధగా ఉంది. ఇన్నాళ్లూ అడగలేదు, ఎవరూ గొడవ పెట్టలేదు. ఇవాళ సంతకం అంటాం, రేపు ప్రార్థన ఐచ్ఛికం అంటాం, ఎల్లుండి గేటు మీద సిలువ ఒక్కటే మిగులుతుంది. మిషనరీలు కట్టిన స్కూళ్లు కొన్ని పేరుకే మిషన్ స్కూళ్లుగా మిగిలిపోవడం మనం చూశాం. మేడమ్ భక్తిని శంకించడం లేదు. ఆవిడ ప్రార్థన విన్నాను, హృదయంలోంచి వచ్చింది. దారి ఎటు పోతుందో అని భయం, అంతే.

ఒంగోలు_వకీలు

కార్యదర్శి గారూ, చట్టం వరకు నేను చెబుతాను, విశ్వాసం సంగతి మన పాస్టరు అయ్యగారు చెబుతారు.

రాజ్యాంగం 30(1) అధికరణం మైనారిటీలకు విద్యాసంస్థలు పెట్టుకుని నడుపుకునే హక్కు ఇచ్చింది. దాన్ని ఎవరూ తీసేయలేదు. ప్రార్థన, బైబిలు క్లాసు నడుపుకోవడం మన హక్కే. అయితే 28(3) కూడా ఉంది. ప్రభుత్వ గుర్తింపు ఉన్న సంస్థలో గానీ, ప్రభుత్వ సొమ్ము అందే సంస్థలో గానీ ఎవరినీ వాళ్ల సమ్మతి లేకుండా మతబోధలో గానీ ఆరాధనలో గానీ పాల్గొనేలా చేయకూడదు. మైనరైతే సంరక్షకుల సమ్మతి కావాలి. మేడమ్ కొత్తగా తెచ్చిందేమీ లేదు, ఎప్పుడో చేయాల్సింది ఇప్పుడు చేస్తున్నారు. ఆ సంతకం స్కూలుకే రక్షణ. రేపు ఎవరైనా బలవంతం చేశారని ఫిర్యాదు పెడితే ఫైల్లో కాగితం ఉంటుంది.

ఇంకో మాట. విద్యా హక్కు చట్టం పేద పిల్లలకు కేటాయించమన్న 25 శాతం సీట్ల నిబంధన మైనారిటీ స్కూళ్లకు వర్తించదని 2014లో ప్రమతి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి పేద పిల్లలను తీసుకోమని మనల్ని ఎవరూ బలవంతపెట్టలేదు. అయినా మేడమ్ వలస కూలీల పిల్లలను మొదట పిలుస్తానంటున్నారు. నన్నడిగితే స్కూలు క్రైస్తవ స్కూలో కాదో తేల్చేది ఆ మాటే.

పొదిలి_చరిత్ర_ప్రియుడు

వకీలు గారి మాటకు తోడుగా ఒకటి. ఎవరిని బడిలో కూర్చోబెట్టాలన్న ప్రశ్న మన ప్రాంతంలో కొత్తది కాదు.

నెల్లూరులో అమెరికన్ బాప్టిస్టు మిషన్ 1840లో మొదలైంది. ఏళ్ల తరబడి ఫలితం కనపడక, మూసేద్దామా అని అమెరికాలో ఒకటికి రెండుసార్లు చర్చ పెట్టారు. 1854 జనవరి 1 తెల్లవారుజామున మిషనరీ జూయెట్ దొర, దొరసాని మరో ముగ్గురు తెలుగు విశ్వాసులతో కలిసి ఒంగోలు కొండ ఎక్కి ప్రార్థించారు. దాన్నే ప్రార్థన కొండ అంటున్నాం. మరో మిషనరీ క్లౌ దొర 1866లో ఒంగోలుకు మకాం మార్చారు. మొదట్లో పై కులాల పెద్దలు తమ పిల్లలను బడికి పంపారు. తాళ్లకొండపాడు వైపు నుంచి యెర్రగుంట్ల పేరయ్య, ఆయనతో పాటు మాదిగలు విశ్వాసంలోకి రావడం మొదలుకాగానే, వీళ్లను చేర్చుకుంటే మేం రాము అన్నారు. అప్పుడు దొర ఒక గదిలో, దొరసాని ఇంకో గదిలో విడివిడిగా బైబిలు తెరిస్తే ఇద్దరికీ కొరింథీయుల మొదటి పత్రిక మొదటి అధ్యాయంలోని ఒకే చోటు వచ్చిందట. లోకం తక్కువగా చూసిన వాళ్లనే దేవుడు ఏర్పరచుకున్నాడనే మాటలు. ఇది క్లౌ గారే చెప్పుకున్న సంగతి. పెద్దింటి పిల్లలు పోయినా సరేనని ఆ దంపతులు నిర్ణయించుకున్నారు.

1876-78 కరువులో ఆయన బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత కాంట్రాక్టు తీసుకుని వేల మందికి కూలి, కూడు చూపించారు. కరువు సాయం కోసం చేరుతున్నారనే మాట రాకూడదని ఆ రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశారు కూడా. తర్వాత 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. కార్యదర్శి గారూ, అన్నం పెట్టే చేత్తో మతం అడగకూడదన్న జాగ్రత్త ఆనాడే ఉంది. మేడమ్ అడిగిన సంతకం ఆ దారిలోదే.

అయ్యగారు

ప్రియమైన సహోదరులకు వందనాలు. కార్యదర్శి గారి ఆవేదన నాకు అర్థమవుతుంది, సంఘం మీద ప్రేమతోనే అన్నారు. మేడమ్ నన్ను కలిసినప్పుడు నేనూ ఇదే అడిగాను. ఆవిడ ఇచ్చిన జవాబు ఇది. ‘అయ్యగారూ, సంతకం పెట్టని తల్లి బిడ్డను కూడా నేను అంతే ప్రేమగా చూస్తే, ఆ తల్లి మన దేవుడి గురించి ఏం అనుకుంటుందో ఆలోచించండి.’ నేను మారుమాట్లాడలేదు.

ఇంకో సంగతి. బైబిలు క్లాసు ఇన్నాళ్లూ ఎలా జరిగింది? ఎవరికి ఖాళీ ఉంటే ఆ టీచరు, వాక్యాలు బట్టీ, రానివాడికి దెబ్బ. దేవుని మాట చెబుతూ బిడ్డను కొట్టామంటే మనం ఏమి నేర్పినట్టు? వారానికి ఒక క్లాసు నేనే వచ్చి చెబుతానని మాట ఇచ్చాను. దయచేసి అందరూ ప్రార్థించండి.

ఉలవపాడు_తోట

నేను హిందువుని. మాకు సపోటా, మామిడి తోట ఉంది. పాప ఆరో తరగతి, మొదటి నుంచీ ఇక్కడే. క్రిస్మస్ ప్రోగ్రాంలో దేవదూత వేషం వేస్తుంది, సంక్రాంతికి ఇంటి ముందు ముగ్గు వేస్తుంది. మమ్మల్ని మారమని ఈ స్కూల్లో ఏ ఒక్కరూ అడగలేదు. ఆ సంతకం ఫారం వచ్చింది, నేను పెట్టాను. అడిగారు కాబట్టి సంతోషంగా పెట్టాను. మా తమ్ముడు పెట్టలేదు. వాళ్ల బాబుకు ఆ పీరియడ్‌లో లైబ్రరీ అన్నారు. అక్కడికి చాలు.

మాకు ఉన్న ఒకే ఇబ్బంది బస్సు. సాయంత్రం హైవే దాటాలంటే పిలకాయలకు ప్రమాదం. లారీలు ఆగవు. దాని సంగతి కూడా మేడమ్‌కు చెప్పండి అన్నా.

స్టాఫ్_రూం_నుంచి

పేరు రాయలేను, అర్థం చేసుకోండి. నేను అక్కడే పని చేస్తున్నాను.

మే నెల జీతం అన్నప్పుడు స్టాఫ్ రూంలో ఒక టీచరు ఏడ్చేశారు. ప్రైవేటు టీచర్లకు వేసవి వస్తే టెన్షన్. ఏప్రిల్ జీతం తర్వాత మళ్లీ జూలైలోనే చేతికొస్తుంది. ఆ రెండు నెలలు కొందరు బట్టల షాపుల్లో చేస్తారు, కొందరు చీటీల మీద అప్పు తెస్తారు. జూన్‌లో పక్క స్కూలు ఐదొందలు ఎక్కువిస్తే వెళ్లిపోతారు. అందుకే చిన్న తరగతులకు ఏటా కొత్త టీచరు. బిడ్డ చదవడం నేర్చుకునే వయసులో రెండేళ్లు ఒకే టీచరు ఉంటే సగం సమస్య తీరుతుంది.

ప్రభుత్వం జీతమిచ్చే పాత ఎయిడెడ్ పోస్టులు ఒక్కొక్కటే రిటైర్మెంట్లతో ఖాళీ అయ్యాయి, భర్తీ లేదు. 2021లో ఎయిడెడ్ సిబ్బందిని ప్రభుత్వంలోకి తీసుకున్నప్పుడు రాష్ట్రమంతా ఎన్ని స్కూళ్లు అల్లాడాయో మీకు తెలుసు. ఇప్పుడు మన జీతాలన్నీ ఫీజుల మీదే. కందుకూరు అన్న అడిగిన ప్రశ్న అందుకే నిజమైన ప్రశ్న. దానికి మేడమ్ దగ్గర ఉన్న లెక్క ఏంటంటే, ఖర్చు తగ్గించేది ఆర్భాటంలో. ఈ ఏడు యాన్యువల్ డే స్టేజీ, లైటింగు బయట నుంచి తెప్పించరు. ప్రచారానికి ఫ్లెక్సీలు ఉండవు. అది చాలదని ఆవిడకూ తెలుసు. పాత విద్యార్థుల సాయం అడగబోతున్నారు.

డాలస్_98_బ్యాచ్

నేను పంపుతాను. ఇక్కడ మా చర్చిలో కూడా అడుగుతాను. అకౌంట్ నంబర్ ఇవ్వండి.

ఒంగోలు_వకీలు

బ్రదర్, ఆగండి. మీది ఇప్పటికీ ఇండియా పాస్‌పోర్టే అయితే, మీ సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నారంటే మాత్రం విదేశీ విరాళాల చట్టమైన ఎఫ్‌సీఆర్ఏ కిందికి వస్తుంది. అక్కడి చర్చి డబ్బు కూడా అంతే. దానికి రిజిస్ట్రేషన్ ఉండాలి, ఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచిలోని ఖాతాకే రావాలి. 2020 సవరణ తర్వాత ఒక సంస్థకు వచ్చిన విదేశీ డబ్బును ఇంకో సంస్థకు మళ్లించడం కూడా కుదరదు. మంచి మనసుతో పంపి స్కూలును చిక్కుల్లో పెట్టవద్దు. ముందు మేనేజ్‌మెంట్‌కు ఏ రిజిస్ట్రేషన్ ఉందో తెలుసుకుని ఇక్కడే రాస్తాను.

పాత_హాస్టల్_కుర్రాడు

ఇప్పుడు హాస్టల్ గురించి. ‘గురుకులాలు ఉన్నాయి కదా, మనకెందుకు’ అని ఇద్దరు ముగ్గురు ఫోన్లో అడిగారు. సాంఘిక సంక్షేమ గురుకులంలో చేరాలంటే ఐదో తరగతికి ప్రవేశ పరీక్ష రాయాలి. ఆడపిల్లల కస్తూర్బా విద్యాలయం ఆరు నుంచి. మరి ఆరేళ్ల నుంచి పదేళ్ల బిడ్డ? కనిగిరి, పామూరు వైపు నుంచి తల్లిదండ్రులు పనికి పోతూ వెంట తీసుకుపోతారు. జనవరిలో పోయి ఏప్రిల్లో వస్తారు. పక్కనే టంగుటూరు, కొండపి వైపు బ్యారన్ల సీజనూ అప్పుడే. అమ్మ ఆకు అల్లుతుంటే బిడ్డ చంటివాడిని చూసుకుంటుంది. మాస్టారు చెప్పిన ఒత్తులు నేర్చుకోవాల్సిన నాలుగేళ్లూ ఇలా సగం సగం పోతాయి. చదవడం రానివాడు గురుకులం పరీక్ష ఎలా రాస్తాడు? మేడమ్ మొదటి లక్ష్యం, చివరి లక్ష్యం రెండూ ఒకటేనని నాకు అక్కడ అర్థమైంది.

నా సంగతి చెబుతాను. మా అమ్మానాన్న కూలికి పోయేవాళ్లు. హాస్టల్లో రాత్రి ఏడింటికి గంట కొట్టేవాళ్లు, లాంతరు చుట్టూ కూర్చుని పెద్దవాళ్లు చిన్నవాళ్లతో గట్టిగా చదివించేవాళ్లు. నాకు చదువు వచ్చింది ఆ గంటలోనే. ఇప్పుడు నేను బ్యాంకులో పని చేస్తున్నాను.

సింగరాయకొండ_అమ్మ

అన్నా, మీ మాట కాదనలేను. కానీ ఒక తల్లిగా చెప్పాలి. ఆరేళ్ల బిడ్డను హాస్టల్లో వదలడం నాకు మనసొప్పదు. రాత్రి జ్వరం వస్తే? పక్క తడిపితే? ఆడపిల్లల భద్రత సంగతి ఏంటి? మా వీధిలో చాలామంది తల్లిదండ్రులు పనికి పోతే అవ్వ దగ్గర వదిలి పోతారు. అవ్వ ప్రేమగా చూస్తుంది, కానీ చదివించలేదు, ఒక్కోసారి వండలేదు కూడా. బడి అయ్యాక సాయంత్రం ఏడు దాకా అక్కడే ఉంచి, చదివించి, అన్నం పెట్టి ఇంటికి పంపితే ఎలా ఉంటుంది? చిన్నవాళ్లకు అది, అవ్వ కూడా లేనివాళ్లకు, మూడో తరగతి పైన వాళ్లకు హాస్టల్.

ఒంగోలు_వకీలు

అమ్మ చెప్పింది చాలా సబబు. హాస్టల్ పెడితే కొన్ని తప్పవు. ఆడపిల్లలకు విడిగా భవనం, మహిళా వార్డెన్, రాత్రి కాపలా, సిబ్బంది పోలీసు వెరిఫికేషన్. తల్లిదండ్రులు లేని పిల్లలు, రక్షణ అవసరమైన పిల్లలు ఉంటే 2015 జువెనైల్ జస్టిస్ చట్టం కింద రిజిస్ట్రేషన్ కావాలి. పిల్లల మీద లైంగిక వేధింపు జరిగిందని తెలిసీ దాస్తే పిల్లల రక్షణకు ఉన్న పోక్సో చట్టం ప్రకారం దాచినవాళ్లదీ నేరమే. ‘సంఘం పరువు’ అంటూ లోపల్లోపల సర్దేయడం ఉండకూడదు. ఇది మొదటి రోజే గోడ మీద రాసి పెట్టాలి. పిల్లల సహాయ ఫోన్ 1098 నంబరు కూడా పిల్లల కంటికి అందేలా రాయాలి.

సంఘ_కార్యదర్శి

అందరి మాటలూ చదివాను. సంతకం విషయంలో నా మనసు ఇంకా పూర్తిగా కుదుటపడలేదు, దాని గురించి ప్రార్థిస్తాను. సాయంత్రం అన్నం మాత్రం సంఘం పెడుతుంది. స్త్రీల సమాజం వాళ్లతో మాట్లాడాను, వారానికి రెండు రోజులు వండటానికి ఒప్పుకున్నారు. ఏ మతం పిల్లలైనా సరే. మిగతా రోజులకు బియ్యం, పప్పు ఎవరైనా చూసుకుంటే వంట మనిషి జీతం కమిటీలో పెడతాను.

ఉలవపాడు_తోట

బియ్యం రెండు బస్తాలు నావి రాసుకోండి. సీజన్లో సపోటాలు కూడా.

కందుకూరు_నాన్న

సరే, ఒప్పుకుంటున్నా. కానీ ఎనిమిది, తొమ్మిది, పది వాళ్లను వదిలేయకూడదు. వాళ్లకు మేడమ్ లక్ష్యం ఏంటో ఒక్క మాట కూడా చెప్పలేదు. లెక్కలకు మంచి టీచరు లేక ట్యూషన్లకు పోతున్నారు. అది తేలేదాకా నేను అడుగుతూనే ఉంటా.

రిటైర్డ్_తెలుగు_మాస్టారు

అడగాలి నాయనా, తప్పకుండా అడగాలి. తొమ్మిది, పది పిల్లలతో సాయంత్రం చదివించడానికి నేను వస్తాను, జీతం వద్దు. లెక్కల మాస్టారొకరు నాతో పాటే రిటైరయ్యారు, ఆయన్ని కూడా లాక్కొస్తాను.

పాత_హాస్టల్_కుర్రాడు

ఇదంతా మేడమ్‌కు చదివి వినిపించాను. సాయంత్రం చదువు జూలై మొదటి సోమవారం నుంచి మొదలుపెడదామన్నారు, ముందు ఒకటి నుంచి మూడు తరగతులకు. హాస్టల్‌ను ఈ ఏడు తొందరపడి తెరవరు. భవనం పైకప్పు బాగుచేయించి, వకీలు గారు చెప్పిన అనుమతులన్నీ తెచ్చుకున్నాకే. హైవే దాటించడానికి సాయంత్రం ఇద్దరు మనుషులను పెడతామన్నారు. పెద్ద తరగతుల లెక్కల విషయం నెలాఖరు మీటింగులో మొదటి అంశంగా పెట్టారు, కందుకూరు అన్న తప్పకుండా రావాలని కబురు.

జరుగుమల్లి_అవ్వ_మనవడు

అన్నా, మా అక్క పిల్లలు ఇద్దరు అవ్వ దగ్గర ఉన్నారు, అక్కా బావా బెంగళూరులో ఉన్నారు. పిల్లలు వేరే స్కూలు, సర్కారు బడి. సాయంత్రం చదువుకు వాళ్లను కూడా పంపొచ్చా? ఫీజు ఎంత?

స్టాఫ్_రూం_నుంచి

పంపండి తమ్ముడూ. ఏ బడి అని అడగరు, ఫీజు లేదు. నాలుగున్నరకు గేటు దగ్గర ఉంటే నేనే లోపలికి తీసుకెళతాను. రాత్రికి ఇంటికి ఎవరు తీసుకెళతారో వాళ్ల పేరు, ఫోన్ నంబరు మాత్రం కాగితం మీద రాసి పంపండి.